సర్టిఫికెట్లో గిరిజనులం సరే, కాన్పు గదిలో మనం ఎవరం?



పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదవండి. చదివినాక కోపం వస్తే కామెంట్లో తిట్టండి, పర్వాలేదు. చదవకుండా దండం బొమ్మ మాత్రం పెట్టి పోవద్దు.

మేము తనకల్లు మండలం తండాల పిల్లలం. కొందరం కదిరిలో, కొందరం అనంతపురంలో చదువుతాండాం. ఇద్దరు ముగ్గురం చదువైపోయి ఉద్యోగం కోసం కోచింగుల చుట్టూ తిరుగుతాండాం. ఇన్నాళ్లూ ఈ గ్రూపులో మనం మాట్లాడింది ఏంది? రిజర్వేషన్, స్కాలర్‌షిప్పు, హాస్టల్ మెస్ బిల్లు, బ్యాక్‌లాగ్ పోస్టులు. అవి మాట్లాడాల్సిందే. అయితే ఈసారి వేరే సంగతి రాస్తాండాం. మన అమ్మల సంగతి, వదినల సంగతి, అక్కల సంగతి.

మాలో ఒకరి వదిన. వయసు ఇరవై. పెండ్లి పదహారుకే అయింది. ఇది రెండో కాన్పు. ఆ ఏడు చెనిక్కాయ పంట చేతికి రాలేదు. విత్తనానికి తెచ్చిన అప్పు అట్లనే నిలిచింది. అన్నా వదినా పెద్ద బిడ్డను అవ్వ దగ్గర వదిలి, బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోయినారు. పోయేటప్పటికి ఆమెకు నాలుగో నెల. రేకుల షెడ్డులో ఉండి, ఇసుక బొచ్చెలు మోసి, ఎనిమిదో నెలలో తిరిగొచ్చింది. కార్డు చూస్తే రెండే ఎంట్రీలు. రెండూ పోకముందు రాసినవే. వచ్చినాక రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6.4. సూదులు ఎక్కించాలన్నారు, వారం ఆగి రమ్మన్నారు. వారం ఆగలేదు. నొప్పులు ముందే వచ్చినాయి.

రాత్రి పదకొండు. తండాలోకి అంబులెన్స్ రాలేదు. వాన పడితే ఆ దారిలో ట్రాక్టరే కూరుకుపోతుంది. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తారు రోడ్డుకు తెచ్చినారు. మొదటి ఆసుపత్రిలో రక్తం లేదు, పై ఆసుపత్రికి పోండన్నారు. అక్కడ చూసి ఇంకా పైకి రాసినారు. తనకల్లు నుంచి అనంతపురం అంటే నూరు కిలోమీటర్ల పైమాటే. తెల్లారేసరికి కాన్పయింది. బిడ్డ బరువు కిలోన్నర. ఒకటిన్నర రోజు బతికింది. వదిన బతికింది. ఆమెకు రక్తం ఇచ్చింది మాలో ఇద్దరం.

ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు అని పేర్లు రాయడంలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ కూడా తన చేతనైనంత చేసింది. మాకు మండింది ఆ తర్వాత విన్న మాటకు. ఒక పెద్దమనిషి, చదువుకున్నాయన, మా మొహం మీదే అన్నాడు: "మీ వాళ్లకు అవేర్‌నెస్ లేదప్పా. ఎన్ని స్కీములున్నా ఏం లాభం?"

ఆ ఒక్క మాటకు జవాబే ఈ పోస్టు.

అవేర్‌నెస్ లేదంటారా? లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. మన అవ్వలు గుడిసెలో మంత్రసాని చేతుల మీద కన్నారు. మన అమ్మల్లో సగం మంది అట్లే కన్నారు. మన వదినల కాలానికి తండా మొత్తం ఆసుపత్రి దారి పట్టింది. ఒక తరంలో ఇంత మారిన జనాన్ని పట్టుకుని తెలివి లేదంటే ఎట్లా? రమ్మన్నారు, వచ్చినాం. వచ్చినాక అక్కడ రక్తం లేదు, మత్తు డాక్టరు లేడు, ఇంకో చోటికి పోండి అంటే, అది ఎవరి అవేర్‌నెస్ లోపం?

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. రాష్ట్రంలో గర్భిణుల్లో నూటికి 53.7 మందికి రక్తహీనత. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 మందికి. అంటే ఆసుపత్రికి చేరే ఆడమనిషి, సగం మంది విషయంలో, ముందే ఓడిపోయి చేరుతాంది. రాష్ట్రం మొత్తానికి మాతృ మరణాల లెక్క బాగానే తగ్గింది. 2018-20లో దేశంలో లక్ష కాన్పులకు 97 మంది తల్లులు చనిపోతే, మన రాష్ట్రంలో 45. మంచిదే, సంతోషమే. కానీ సగటు అనేది పెద్ద దుప్పటి. దాని కింద ఎవరి కాళ్లు బయటున్నాయో కనపడదు. మా తండా సగటులో బతకడంలేదు. తారు రోడ్డుకు అవతల బతుకుతాంది.

రక్తం సంగతి కాస్త వివరంగా చెప్పాల. గ్రూపులో చాలామందికి, ముఖ్యంగా మగపిల్లలకు, ఇది తెలియదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాల. 10కి కిందికి పోతే జాగ్రత్త పడాల. 7కు కిందికి పోతే ప్రమాదం. కాన్పు తర్వాత రక్తస్రావం పట్టుకుంటే, ఆపకపోతే, రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. 11 ఉన్న మనిషి తట్టుకునే రక్తస్రావాన్ని 6 ఉన్న మనిషి తట్టుకోలేదు. ఇప్పుడు మన దారి లెక్కేయండి. తండా నుంచి తారు రోడ్డు, రోడ్డు నుంచి తనకల్లు, తనకల్లు నుంచి కదిరి, కదిరి నుంచి అనంతపురం. రెండు గంటలు ఎక్కడ అయిపోతాయి? అందుకే మన ప్రాంతంలో రక్తహీనత అంటే నీరసం, కళ్లు తిరగడం మాత్రమే అనుకోవద్దు. దూరం, రక్తహీనత రెండూ కలిసినప్పుడు చావు.

"ఐరన్ మాత్రలు ఇస్తాండారు కదా, మింగరు" అంటారు. నిజమే, చాలామంది మింగరు. ఎందుకు మింగరో ఎవరన్నా కూర్చుని అడిగినారా? మేము అడిగినాం. కడుపులో తిప్పుతుంది. మలం నల్లగా వస్తుంది, భయం వేస్తుంది. బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని అత్త చెప్పింది. పరగడుపున మింగమన్నారు, కానీ పొద్దున తొమ్మిదికే ఉపాధి పనికి పోవాల, ఎండలో వాంతి వస్తాది. వీటన్నిటికీ జవాబులున్నాయి. రాత్రి అన్నం తిన్నాక మింగొచ్చు. మలం నల్లగా రావడం మామూలే. మాత్ర మింగి వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లతోనో జామకాయతోనో తీసుకుంటే బాగా పడుతుంది. నాలుగో నెలలో నులిపురుగుల మాత్ర వేసుకోవాల. ఇవి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ ఆ ఐదు నిమిషాలు మా అవ్వలకు అర్థమయ్యే గోర్ బోలీలో చెప్పేవాళ్లు లేరు. తెలుగులో గబగబా చెప్పి సంతకం పెట్టించుకుంటే చెప్పినట్టే లెక్క.

ఇంక తిండి. దేశానికి కదిరి పేరుతో చెనిక్కాయ విత్తన రకాలు ఇచ్చిన నేల మనది. కదిరి-6 పేరు వినని రైతు లేడు. పప్పు, నూనె, మాంసకృత్తులు అన్నీ ఉండే కాయ మన చేలోనే పండుతుంది. పండిన ఏడు అప్పుకు పోతుంది, పండని ఏడు కూలికి పోతాం. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి మాత్రం సంగటి, పచ్చిమిరపకాయల కారం తిని పడుకుంటుంది. అది కూడా అందరూ తిన్నాక. సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద, అదీ పడితే, ఆకుకూర కొనుక్కోవాల్సిందే. కొనడానికి డబ్బులు ఎవరి చేతిలో ఉంటాయో మీకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం.

మనం సుగాలీలం, ఎరుకలోళ్లం, యానాదులం. సర్టిఫికెట్ మీద షెడ్యూల్డ్ తెగ. కానీ మనం ఉండేది షెడ్యూల్డ్ ఏరియా కాదు. పాత అనంతపురం జిల్లాలో గానీ, 2022 ఏప్రిల్ 4 నుంచి మనం ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలో గానీ ఐదో షెడ్యూల్ ప్రాంతం ఒక్క అంగుళం లేదు. మనల్ని మైదాన గిరిజనులు అంటారు. ఈ "మైదాన" అనే మాట వినడానికి చిన్నది. దాని వెనక పోయేవి చాలా ఉన్నాయి.

ఒకటి చూడండి. 2020 సెప్టెంబర్‌లో రాష్ట్రంలో సంపూర్ణ పోషణ పథకం మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు పాలు, గుడ్లు, సరుకులు. దానికే "ప్లస్" అని ఇంకొంచెం మెరుగైన రకం పెట్టినారు, గిరిజనుల్లో రక్తహీనత ఎక్కువని. ఆలోచన సరైందే. కానీ ఆ ప్లస్ 77 గిరిజన మండలాలకే. తనకల్లు ఆ 77లో లేదు. మన జిల్లాలో ఏ మండలమూ లేదు. ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి. ఆ గీత మాత్రం మారదు. గీతకు అటువైపు పుట్టిన గిరిజన బిడ్డకు ఒక లెక్క, ఇటువైపు పుట్టిన గిరిజన బిడ్డకు ఇంకో లెక్క.

ఇంకోటి. పార్వతీపురం ఐటీడీఏ కింద సాలూరులో గర్భిణుల వసతి గృహం నడిపినారు. దూరపు గూడేల ఆడోళ్లు కాన్పు తేదీకి ముందే వచ్చి అక్కడ ఉండి, వేళకు తిండి తిని, పరీక్షలు చేయించుకుని, నొప్పులు రాగానే పక్కనే ఉన్న ఆసుపత్రికి పోతారు. డోలీలో మోయాల్సిన పని తప్పుతుంది. ఎంత మంచి ఆలోచన! అట్లాంటి ఇల్లు కదిరిలో ఒకటి ఉండింటే, మా వదిన ఎనిమిదో నెలలో వచ్చిన రోజే అక్కడ చేరుండేది. కదిరిలో ఎందుకు లేదు? ఐటీడీఏ లేదు కాబట్టి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాల. ఏజెన్సీ అన్నాదమ్ముల మీద, అక్కచెల్లెళ్ల మీద మాకు కుళ్లు లేదు. వాళ్లు ఇప్పటికీ డోలీల్లో గర్భిణులను మోస్తాండారు. వాళ్లకు ఇచ్చింది ఎక్కువ కాదు, తక్కువే. వాళ్ల దాంట్లోంచి తీసి మాకు ఇవ్వమని ఎవడన్నా అంటే వాడు మన మధ్య చిచ్చు పెట్టేవాడని తెలుసుకోండి. మేము అడిగేది ఒకటే: గిరిజన మహిళ రక్తంలో హిమోగ్లోబిన్ చూసి సాయం చేయండి, ఆమె ఇంటి మీదుగా మ్యాపులో పోయిన గీతను చూసి కాదు.

ఈ లెక్కల్లో తండా ఎట్లా మాయమవుతుందో కూడా అర్థం చేసుకోండి, ఇది ముఖ్యం. 2024 అక్టోబర్ 2న కేంద్రం ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్ మొదలుపెట్టింది. ఆస్పిరేషనల్ జిల్లాలు పక్కన పెడితే, దానికి ఊరిని ఎంచుకునే కొలత ఏంటంటే, జనాభా 500 పైన ఉండాల, అందులో సగం మంది గిరిజనులై ఉండాల. వినడానికి న్యాయంగానే ఉంది. మన తండాలకు ఈ కొలత పెట్టి చూడండి. తండాలో నాలుగు వందల మంది ఉంటారు, నూటికి నూరు మంది సుగాలీలే. కానీ తండా రెవెన్యూ గ్రామం కాదు. మూడు వేల మంది ఉండే పెద్ద ఊరికి అది శివారు. అప్పుడు ఆ ఊర్లో గిరిజనులు నూటికి పదమూడు మంది. సగం లేరు, కాబట్టి జాబితాలో లేదు. చూడండి ఎంత సులభంగా తుడిచేసినారో. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తిట్టలేదు. భాగహారం చేసినారు, అంతే.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినాక ఐదు వందల జనాభా దాటిన తండాలు సొంత పంచాయతీలైనాయి. అక్కడా అన్నీ సక్కగా ఉన్నాయని మేము అనడంలేదు. కానీ తండాకు ఒక పేరు, ఒక లెక్క, ఒక సర్పంచ్ ఉంటే అడగడానికి ఒక చోటుంటుంది.

వలస సంగతి ఇంకా ఘోరం. కరువొస్తే మన ప్రాంతం బెంగళూరుకు పోతుంది, కేరళకు పోతుంది. రికార్డు మాత్రం ఊర్లోనే ఉంటుంది. వదిన అన్న మాట మా చెవుల్లో ఇంకా తిరుగుతాంది: "నాలుగు నెలలు బెంగళూరులో ఉంటిని గదప్పా, ఆ నాలుగు నెలలూ నా పేరు ఏ పుస్తకంలోనూ లేదంట." ఇక్కడి అంగన్‌వాడీలో "వలస పోయింది" అని రాసుకున్నారు. అక్కడ అంగన్‌వాడీ ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు. పోషణ్ ట్రాకర్‌లో వలస పోయిన గర్భిణి ఎక్కడుంటే అక్కడి కేంద్రంలో చేరొచ్చు, సదుపాయం ఉంది. కాగితం మీద ఉంది. రేకుల షెడ్డు దగ్గరికి వచ్చి చెప్పినోళ్లు లేరు. మేస్త్రీకి పని ముఖ్యం, కాంట్రాక్టరుకు స్లాబు ముఖ్యం.

డబ్బు మాట. 2013 ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి గర్భిణికీ తక్కువలో తక్కువ 6,000 రూపాయలు ఇవ్వాల. చట్టంలో ఉన్న మాట అది. 2017లో మాతృవందన యోజన వచ్చినప్పుడు దాన్ని 5,000 చేసి, మొదటి కాన్పుకే అన్నారు. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 అని కలిపినారు. ఆధార్ ఉండాల, బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసుండాల, వేళకు నమోదు కావాల, వయసు షరతు కూడా ఉంది. చిన్న వయసులో పెండ్లయి కడుపొచ్చిన పిల్లకు, అంటే అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న పిల్లకు, ఆ షరతు అడ్డం వస్తుంది. బాల్యవివాహాన్ని ఆపాల్సిన రోజు ఎవరూ రాలేదు. డబ్బు ఆపే రోజు మాత్రం అందరికీ చట్టం గుర్తొచ్చింది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. అదే సర్వేలో, మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 63 కాన్పులు కోతలే. సర్కారు ఆసుపత్రుల్లో 26.6. రాత్రి మూడు గంటలకు నిజంగా ఆపరేషన్ కావాల్సిన సుగాలి ఆడకూతురికి మత్తు డాక్టరు దొరకడు. కాస్త అప్పు పుట్టే ఇంటి మనిషికి అవసరం లేకున్నా కోసి పంపుతారు. రెండు చోట్లా నష్టపోయేది మనమే. ఒక చోట ప్రాణం, ఇంకో చోట పొలం కాగితం.

ఇంతదాకా సర్కారును అడిగినాం. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. నొచ్చుకోకండి.

మన ఇండ్లల్లో ఆడపిల్ల పదో తరగతి ఫెయిలైతే చాలు, సంబంధం చూస్తాండారు. రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడోళ్లల్లో నూటికి 29.3 మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లయింది. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నారు. ఇవి అన్ని కులాలూ కలిపిన లెక్కలు. మన తండాలో ఎంతో మీరే చెప్పండి. ఈ గ్రూపులో ఉన్న మనమే ఆ పెండ్లిండ్లకు పోయినాం, డీజే ముందు ఎగిరినాం, ఫోటోలు పెట్టినాం. మా వదిన పెండ్లిలో మేము కూడా అన్నం తిన్నాం. పదహారేళ్లని తెలిసే తిన్నాం. ఆ తప్పు మాది కూడా.

తాగుడు సంగతి రాయకపోతే అబద్ధం అవుతుంది. సాయంత్రం కూలి డబ్బుల్లో ఎంత ఇంటికి చేరుతుందో, ఎంత దారిలో ఆగిపోతుందో అందరికీ తెలుసు. గర్భిణి తినాల్సిన గుడ్డును అంగన్‌వాడీ నుంచి ఇంటికి తెస్తే, దాన్ని ఎవరు తింటాండారో కూడా తెలుసు.

ఇంకో మాట, రక్తం గురించి. వదినకు రక్తం కావాల్సొచ్చినప్పుడు ఇంటి మగోళ్లలో ముగ్గురు వెనక్కి తగ్గినారు. "రక్తం ఇస్తే పని చేయలేం" అని. ఏడాదికి మూడుసార్లు రక్తం ఇచ్చినా ఏమీ కాని ఒళ్లు అది. బిడ్డను కని, పాలిచ్చి, పదిహేను రోజులకే చేలోకి దిగే ఆడదాన్ని మాత్రం బలహీనురాలు అంటాం.

అట్లే ఆశా అక్కను, అంగన్‌వాడీ అక్కను తిట్టడం కూడా ఆపుదాం. వాళ్లు మనలాంటి ఇండ్ల ఆడోళ్లే. 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు సమ్మె చేసినారు. ఎస్మా పెట్టినా నిలబడినారు. ఆ రోజు మనలో ఎంతమందిమి వాళ్ల టెంటు దగ్గరికి పోయినాం? పైనున్న వాడిని అడగలేక కిందున్న ఆమెను తిట్టడం పోరాటం కాదు.

"ఇవన్నీ పెద్దోళ్ల పనులు, మనం స్టూడెంట్లం, ఏం చేయగలం" అనే తమ్ముళ్లకు ఒక ఉదాహరణ. మహారాష్ట్రలో గడ్చిరోలి అని జిల్లా ఉంది. అడవి, గోండులు, దూరం. అక్కడ అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊరి ఆడోళ్లకే పసిబిడ్డను చూసుకునే పని నేర్పినారు. బరువు తూచడం, ఒంటి వేడి చూడడం, ఊపిరి లెక్కపెట్టడం, బిడ్డకు జబ్బు చేస్తే గుర్తుపట్టి మందు ఇవ్వడం. ఎక్కువ చదువుకున్నోళ్లు కాదు. ఆ 39 ఊర్లల్లో నెలలోపు బిడ్డల చావులు 62 శాతం తగ్గినాయి. 1999లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది. ఈ రోజు ఆశా అక్క కాన్పు తర్వాత మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు ఇంటికి వచ్చి బిడ్డను చూడాలనే నియమం పుట్టింది అక్కడి నుంచే. ఊరి ఆడోళ్లు దేశానికి దారి చూపినారు. డిగ్రీలు చదివే మనం మన తండాను చూసుకోలేమా?

అందుకే మేము చేయబోయేది, మిమ్మల్ని చేయమని అడిగేది ఇది:

1. లెక్క మనమే రాద్దాం. ఈ సెలవుల్లో ప్రతి తండాలో ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది, గర్భిణులు ఎంతమంది, వలస పోయినోళ్లు ఎవరు అని ఒక నోటుబుక్కులో రాయండి. పేర్లు మాత్రం గ్రూపులో పెట్టొద్దు. లెక్క చాలు.

2. నలభై మంది ఆరేళ్లలోపు పిల్లలుండి, అంగన్‌వాడీ లేకపోతే, అడిగే హక్కు ఉంది. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. ఊరోళ్లు అడిగిన మూడు నెలల్లోపు కేంద్రం పెట్టాల. అర్జీలో ఆ తేదీ రాయండి. తేదీ రాసిన అర్జీని పక్కన పడేయడం కష్టం.

3. ప్రతి నెలా 9వ తేదీ సర్కారు ఆసుపత్రిలో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూసే రోజు. 2016 నుంచి నడుస్తాంది. ఆ రోజు తండా నుంచి ఒక ఆటో మాట్లాడుదాం. బైకులున్న తమ్ముళ్లు పెట్రోలు పోసుకుని సినిమాకు పోయే దూరమే అది.

4. రక్తదాతల జాబితా. గ్రూపు పేరు, ఫోను నంబరు, ఎప్పుడు ఇచ్చినారు అని. కాన్పు తేదీ దగ్గర పడిన ప్రతి ఇంటికీ ఇద్దరు దాతలు ముందే మాట ఇచ్చి ఉండాల.

5. ఐరన్ మాత్ర ఎట్లా మింగాల, ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే బయల్దేరాల అనే మాటలు గోర్ బోలీలో రికార్డు చేద్దాం. కాళ్లవాపుతో తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, రక్తం పోవడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం. ముందు ఏఎన్ఎం అక్కకు వినిపించి, సరిచూసుకుని, అప్పుడు పంపుదాం. ఎరుకల భాష వచ్చినోళ్లు ఆ భాషలో చేయండి.

6. తల్లి గానీ బిడ్డ గానీ చనిపోతే "రాత" అని ఊరుకోవద్దు. తల్లి మరణం మీద జిల్లా కలెక్టర్ దగ్గర సమీక్ష జరగాలని, ఆ కుటుంబం వాళ్లను కూడా పిలిచి వినాలని నియమం ఉంది. శిశు మరణాలకు కూడా 2014 నుంచి సమీక్ష పద్ధతి ఉంది. మాకు జరిగిన దాని మీద మేము అర్జీ రాస్తాండాం. ఎవరి ఉద్యోగమో తీయించడానికి కాదు, ఆ రాత్రి ఎక్కడెక్కడ ఆలస్యమైందో కాగితం మీదికి రావడానికి.

7. ప్రసవం, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, రానుపోను బండి అన్నీ సర్కారు ఆసుపత్రిలో ఉచితం. 2011 నుంచి ఉన్న హక్కు. ఎక్కడన్నా చేయి చాపితే ఇవ్వకండి. ఇచ్చినా రాసి పెట్టుకోండి.

8. అన్నిటికంటే ముందు: పద్దెనిమిది నిండని పెండ్లికి మేము పోం. బంధువులు అలిగినా పోం. 1098కి ఫోన్ చేయాల్సొస్తే చేస్తాం.

ఇంక ప్రభుత్వం ముందు మేము పెట్టే డిమాండ్లు మూడు. తండాను లెక్కలో తండాగానే చూడాల, రెవెన్యూ గ్రామంలో కలిపి భాగించొద్దు. ఏజెన్సీ గర్భిణికి ఇచ్చే పోషణ మైదాన ప్రాంత గిరిజన గర్భిణికీ ఇవ్వాల. కదిరిలో గర్భిణుల వసతి గృహం పెట్టాల, రాత్రిపూట రక్తం, మత్తు డాక్టరు ఉండేట్టు చూడాల. వచ్చే సోమవారాల్లో ఒక రోజు చూసుకుని పుట్టపర్తి కలెక్టరేట్ ప్రజా సమస్యల వేదికలో ఈ అర్జీ ఇస్తాం. కనీసం ప్రతి తండా నుంచి ఒక్కరు రండి. అమ్మలను, వదినలను తీసుకుని రండి. వాళ్లే మాట్లాడతారు, మనం వెనక నిలబడదాం.

సేవాలాల్ మహారాజ్ 1739లో పుట్టింది మన పాత జిల్లాలోనే, గుత్తి దగ్గర. ప్రతి ఫిబ్రవరి 15న జెండాలు కట్టుకుని ఆ పేరు చెప్పుకుంటాం. తీజ్ వస్తే మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పూట తప్పకుండా నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఒక్క మొలక వాడిపోయినా మనసు కలుక్కుమంటుంది. తొమ్మిది రోజులు మొలకను అంత బాగా చూసుకునే జాతికి, తొమ్మిది నెలలు ఒక యాడిని చూసుకోవడం తెలియదంటే మేము నమ్మం.

వదిన మళ్లీ పనికి పోతాంది. బెంగళూరుకు ఇంకా పోలేదు. మొన్న ఇంటికి పోతే, ఐరన్ మాత్రల అట్ట చూపించి "రాత్రి పూట మింగుతాండా, వాంతి రాలేదు" అని చెప్పింది. ఆ మాట మూడు నెలల ముందు ఎవరన్నా ఆమెకు ఆమె భాషలో చెప్పింటే బాగుండేది. ఎవరన్నా అంటే ఎవరో కాదు, మేమే. మేము చెప్పలేదు. మీరైనా మీ ఇంట్లో ఈ రోజు చెప్పండి.

మీ తండా లెక్క రాసినాక, కామెంట్లో మండలం పేరు, పిల్లల సంఖ్య మాత్రం పెట్టండి. అన్నీ కలిపి అర్జీకి జత చేస్తాం.

జై సేవాలాల్.

— తనకల్లు మండలం తండాల విద్యార్థులం